గొర్రెపిల్లలకి మూలికల పొడి పెట్టాలా? ముందు తల్లి పొదుగు, తవుడు బస్తా చూడండి

పోయిన వేసవిలో కనిగిరి దగ్గర నుంచి మా మామ ఫోన్ చేశాడు. ఆయనకి నలభై దాకా గొర్రెలు, రెండు బర్రెలు ఉన్నాయి. దాణా కొట్లో ఎవరో ఒక ప్యాకెట్ చేతిలో పెట్టారంట. దాని మీద మునగ రెమ్మ, పసుపు కొమ్ము, తులసాకు బొమ్మలు. కింద 'యాంటీఆక్సిడెంట్, పూర్తిగా మొక్కల నుంచి తీసింది, పిల్ల జీవాలకి ప్రత్యేకం' అని రాసుందంట.

"ఏంది అల్లుడా ఇది? పెడితే పిల్లలు నిలబడతాయా, లేక డబ్బులు ఏట్లో పోసినట్టేనా?" అన్నాడు.

మంద మేపేవాళ్ళకి 'నిలబడటం' అంటే పిల్ల మొదటి రెండు నెలలు దాటి బతకడం. వాళ్ళ ఏడాది లెక్కంతా ఆ మాటలోనే ఉంటుంది. అందుకే అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ తర్వాత రెండు మూడు సార్లు కూర్చుని ఆయనకి చెప్పిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇదే ప్రశ్న ఉన్న ఇళ్ళు చాలా ఉంటాయని నాకు తెలుసు.

వంకాయతో మొదలుపెడతాను. కోసిన వంకాయ ముక్కలు కాసేపటికి నల్లబడతాయి. అందుకే ఉప్పునీళ్ళలో వేస్తాం. ఆ నలుపు గాలిలోని ఆక్సిజన్ చేసిన పని. అయితే ఆక్సిజన్‌తో కలిసి అలా రంగు మారేది వంకాయలో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం. మునగాకులో ఉన్న ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్లలో అదీ ఒకటి. ఆక్సిజన్ దెబ్బని ముందు తాను తిని, పక్కనున్నదాన్ని కాపాడే పదార్థాన్నే యాంటీఆక్సిడెంట్ అంటారు. కాపాడుతూ తాను ఖర్చయిపోతుంది. ఈ 'ఖర్చయిపోవడం' అన్న మాట గుర్తుంచుకోండి, తవుడు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

జంతువు ఒంట్లో కూడా ఇదే జరుగుతుంది. మేత నుంచి శక్తి తీయడానికి ప్రతి కణం ఆక్సిజన్ వాడుకుంటుంది. పొయ్యిలో కట్టె మండేటప్పుడు నిప్పురవ్వలు ఎగిరినట్టు, ఈ పనిలో కొన్ని రవ్వలు బయటపడతాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటారు. కణం చుట్టూ ఉన్న పల్చటి కొవ్వు పొరకి అవి తగిలితే ఒక కొవ్వు అణువు చెడి పక్కదాన్ని చెడగొడుతుంది, అది దాని పక్కదాన్ని. ఈ వరసని మధ్యలో తెంపేది విటమిన్ ఇ. తెంపాక నీరసపడిన విటమిన్ ఇని మళ్ళీ పనికొచ్చేలా చేసేది విటమిన్ సి. ఇవి కాక, రవ్వ పుట్టినచోటే ఆర్పేసే ఎంజైములు ఒంట్లోనే తయారవుతాయి. 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రవేత్తలు గుర్తించిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్‌కి రాగి, జింకు, మాంగనీసు కావాలి. గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైముకి సెలీనియం కావాలి. ఆ సంగతి 1973లో తేలింది.

ఇంత వివరం ఎందుకంటే, వీటిలో ఒకటి లేకపోతే ఇంకొకటి దాని పని చేయలేదు. మేతలో సెలీనియమే లేకపోతే ఎంత పసుపు పెట్టినా ఆ ఎంజైము తయారవదు. సెలీనియం, విటమిన్ ఇ బాగా తగ్గిన గొర్రెపిల్లల్లో, దూడల్లో కండ తెల్లగా పాలిపోయి, కాళ్ళు బిగుసుకుపోయి, ఒక్కోసారి గుండె దెబ్బతిని చనిపోయే జబ్బు వస్తుంది. దానికి మూలికల పొడి మందు కాదు. అలాగని సెలీనియం ఎక్కువ పెట్టినా ప్రమాదమే. ఎండు లెక్కన కిలో మేతకి 0.1 నుంచి 0.3 మిల్లీగ్రాములే కావాలి. దానికి మరీ మించితే విషమవుతుంది.

ఇంకో మాట. రవ్వలన్నీ చెడ్డవి కావు. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవిని తెల్లరక్తకణాలు చంపేది వీటితోనే. కాబట్టి 'ఎంత ఎక్కువ యాంటీఆక్సిడెంట్ పెడితే అంత మంచిది' అనే లెక్క పనికిరాదు.

పుట్టిన రోజు

తల్లి కడుపులో పిల్లకి ఆక్సిజన్ కొలిచినట్టు, తక్కువగా అందుతుంది. పుట్టగానే ఊపిరితిత్తుల నిండా గాలి. జీవితంలో అంత పెద్ద మార్పు మళ్ళీ రాదు. సరిగ్గా అప్పుడే పిల్ల దగ్గర నిల్వలు ఉండవు. విటమిన్ ఇ, విటమిన్ ఎ మాయ దాటి పిల్లకి పెద్దగా చేరవు. విటమిన్ సి సంగతి కూడా అంతే. ఆవు, బర్రె, గొర్రె దాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి కానీ, దూడ మొదటి మూడు వారాల్లో తగినంత చేసుకోలేదు.

ఈ లోటుని పూడ్చేది ముర్రుపాలు. రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు వాటిలో ఉంటాయని అందరికీ తెలుసు. విటమిన్ ఇ, ఒంట్లో విటమిన్ ఎగా మారే కెరోటిన్, విటమిన్ ఎ కూడా మామూలు పాలలో కంటే వాటిలోనే చాలా ఎక్కువ. పుట్టిన పిల్ల పేగు యాంటీబాడీలని అలాగే లోపలికి రానిచ్చేది మొదటి కొన్ని గంటలే. ఆరు గంటల్లోపు బాగా, ఆ తర్వాత తగ్గుతూ, 24 గంటలకి ఆ దారి మూసుకుపోతుంది. 30 కిలోల దూడకి మొదటి పూట దాని బరువులో పదో వంతు, అంటే 3 లీటర్ల దాకా పట్టాలి. 3 కిలోల గొర్రెపిల్లకి మొదటి రెండు గంటల్లో 150 మిల్లీలీటర్లు, రోజు మొత్తానికి 600 మిల్లీలీటర్లు.

మన దగ్గర రెండు పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. నాకు బాధ కలిగించేవి కూడా ఇవే. ఒకటి, మాయ పడేదాకా దూడని పొదుగు దగ్గరికి పోనివ్వకపోవడం. నిజానికి దూడ చీకితేనే తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై మాయ పడటానికి సాయపడుతుంది. మాయ కోసం ఆపితే తల్లికీ నష్టం, పిల్లకీ నష్టం. రెండు, జున్ను. బర్రె ఈనిందంటే చుట్టాలంతా జున్నుపాలు అడుగుతారు. కాదనలేం. మొదటి పాలు మాత్రం దూడవి. దాని కడుపు నిండాక మిగిలితేనే జున్ను వండుకోవాలి. పుట్టింది దున్న దూడ అయితే మరీ అన్యాయం, దాని వంతు ఎవరూ అడగరు కాబట్టి దానికి చుక్క కూడా మిగలదు. నెల తిరక్కుండా అది చనిపోతే 'నిలబడలేదు' అనుకుంటాం. నిలబడటానికి కావాల్సింది మొదటి రోజే మనం పిండేసుకున్నాం.

ముర్రుపాలలో కెరోటిన్, విటమిన్ ఇ ఎంత ఉంటాయన్నది చూలుతో ఉన్న తల్లి తిన్న పచ్చిమేత మీద ఆధారపడుతుంది. పచ్చగడ్డి కోసి ఎండలో వేస్తే ఇవి రెండూ వేగంగా తగ్గిపోతాయి. ఎండిన వరిగడ్డిలో కెరోటిన్ దాదాపు ఉండదు. మన వర్షాలేమో ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల మీద, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మార్చి వచ్చేసరికి కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి మెట్టల్లో పచ్చన అనేది కనపడదు. అంటే వేసవిలో ఈనే గొర్రె అన్నిటికంటే బలహీనమైన ముర్రుపాలతో ఈనుతుంది. మొక్కల యాంటీఆక్సిడెంట్‌కి ఖర్చు పెట్టదలచుకుంటే నా దృష్టిలో అన్నిటికంటే మంచి చోటు చూలు గొర్రె చివరి ఆరు వారాలు. మునగాకు, అవిసాకు, బోరు కింద పెంచిన కాస్త పచ్చగడ్డి, ఏది దొరికితే అది. మనం ప్యాకెట్‌లో వెతికేది ఆ ఆకులోనే ఉంది, తల్లి దాన్ని పాలుగా మార్చి పిల్లకి ఇస్తుంది.

మొక్కల మందు ఒంట్లో చేసే పని

పసుపులోని కర్కుమిన్, నిమ్మతొక్కలోని హెస్పెరిడిన్, మునగాకులోని క్వెర్సెటిన్ వంటివాటిని పాలీఫినాల్స్ అంటారు. గాజు గొట్టంలో పరీక్షిస్తే ఇవి విటమిన్ ఇ కంటే గట్టిగా కనిపిస్తాయి. ఒంట్లోకి వెళ్ళాక కథ మారుతుంది. తిన్న పాలీఫినాల్స్‌లో చిన్నపేగు పీల్చుకునేది పదో వంతు కూడా ఉండదు. మిగతాది పెద్దపేగుకి పోతుంది. కర్కుమిన్ అయితే ఇంకా తక్కువ. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ గాజు గొట్టం లెక్కలతో తయారుచేసిన యాంటీఆక్సిడెంట్ పట్టికని 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఆ అంకెలకీ ఒంట్లో జరిగేదానికీ సంబంధం లేదని చెప్పి మరీ తీసేసింది. మన దగ్గర ప్యాకెట్ల మీద అలాంటి అంకెలు కనిపిస్తే వాటికి ఇవ్వాల్సిన విలువ అంతే.

అంత తక్కువ ఇంకితే పని ఎలా చేస్తాయి? రెండు దారులు ఉన్నాయి. మొదటిది పేగు దగ్గరే. విరేచనాలు కలిగించే కొన్ని సూక్ష్మజీవుల్ని అణచడం, పేగు గోడ వాపు తగ్గించడం. పిల్ల జీవాల చావుల్లో విరేచనాల పాత్ర ఎంతో కాపరులకి చెప్పనక్కర్లేదు. రెండోది ఇంకా ఆసక్తికరమైంది. ఈ పదార్థాలు చాలావరకు మొక్క తనని పురుగుల నుంచి, ఎండ నుంచి కాపాడుకోవడానికి చేసుకున్నవి. జంతువు కణానికి అవి కొద్దిపాటి విషంలాంటివి. ఆ కొద్ది చురుకు తగలగానే కణంలో ఎన్‌ఆర్‌ఎఫ్‌2 అనే ప్రొటీన్ కట్లు విడిపించుకుని కేంద్రకంలోకి పోయి, ఒంటి సొంత ఎంజైముల తయారీని పెంచుతుంది. రవ్వల్ని ఆర్పే పని ఒంటిదే, పసుపు చేసేది కాపలావాడిని నిద్రలేపడం. మోతాదు ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టే అర్థమవుతుంది. కొంచెం పెడితే లేస్తాడు, మరీ ఎక్కువైతే అదే దెబ్బ.

ఇప్పుడు వయసు. పుట్టిన గొర్రెపిల్లకి నాలుగు పొట్టల్లో మొదటిదైన పెద్ద పొట్ట ఇంకా పనిచేయదు. పాలు తాగేటప్పుడు గొంతు నుంచి ఒక గాడి ముడుచుకుని, పాలని నేరుగా నాలుగో పొట్టకి పంపుతుంది. కాబట్టి మొదటి వారాల్లో దాని జీర్ణం మన జీర్ణంలాంటిదే. ఆకు కొరకడం మొదలుపెట్టాక పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు చేరి, ఎనిమిది వారాల నాటికి అది పనిలోకి వస్తుంది. అప్పటినుంచి ఏ మూలిక వేసినా ముందు ఆ సూక్ష్మజీవులే దాన్ని విడగొట్టి రూపం మారుస్తాయి. రెండు వారాల పిల్లకి పనిచేసింది మూడు నెలల పిల్లకి పనిచేయకపోవచ్చు. పెద్ద గొర్రెకి మేలు చేసేది పాలు తాగే పిల్లకి కీడు చేయొచ్చు. వయసు రాయకుండా 'అన్ని పశువులకీ' అని అమ్మే పొడిని నేను నమ్మను.

వగరుగా ఉండే టానిన్లు దీనికి మంచి ఉదాహరణ. మన పొలం గట్ల మీద నల్లతుమ్మ కాయలు జీవాలు ఇష్టంగా తింటాయి. పెద్ద జీవానికి మేతలో టానిన్లు కొద్దిగా ఉంటే పెద్ద పొట్టలో ప్రొటీన్ వృథాగా విడిపోకుండా కాపాడి, నాలుగో పొట్టలోని ఆమ్లంలో దాన్ని వదిలిపెడతాయి. కొన్ని రకాల టానిన్లు నట్టల గుడ్లని కూడా తగ్గిస్తాయి. అదే టానిన్ మేతలో ఐదు శాతం దాటితే జీవం మేత తినడం తగ్గిస్తుంది. పాలతో బతికే పిల్లకైతే ఇంకో చిక్కు. పాలలో ఇనుము తక్కువ, టానిన్లు, చాలా పాలీఫినాల్స్ ఆ ఉన్న ఇనుముని కూడా పట్టేసుకుంటాయి. పిల్ల పాలిపోతుంది.

తవుడు బస్తా

నెల్లూరు ప్రాంతంలో బియ్యం మిల్లులకి కొదవలేదు, కాబట్టి దూడలకి, గొర్రెపిల్లలకి తవుడు మామూలే. తవుడే ఒక మొక్కల యాంటీఆక్సిడెంట్ నిధి అని చాలామందికి తెలియదు. అందులో 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది, ఆ నూనెలో విటమిన్ ఇ, ఒరైజనాల్ అనే ఇంకో యాంటీఆక్సిడెంట్ ఉంటాయి. ఏ ప్యాకెట్‌లోనూ ఇంత చవకగా దొరకవు.

కానీ బియ్యం పాలిష్ పట్టిన క్షణం నుంచే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెని విడగొట్టడం మొదలుపెడుతుంది. రోజుల్లోనే తవుడు ముక్కిపోతుంది. ముక్కిన తవుడులో ఆ విటమిన్ ఇ, ఒరైజనాల్ నూనెని కాపాడబోయి తామే ఖర్చయిపోయి ఉంటాయి. అంతటితో ఆగదు. చెడిన కొవ్వు పిల్ల పొట్టలోకి వెళ్ళి దాని ఒంట్లో ఉన్న విటమిన్ ఇని కూడా తినేస్తుంది. ఒకవైపు ముక్కిన తవుడు పెడుతూ, ఇంకోవైపు యాంటీఆక్సిడెంట్ పొడి చల్లడం చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. మామ దొడ్లో నెల రోజుల తవుడు బస్తా ఉంది. చెయ్యి పెట్టి వాసన చూడమన్నాను. ఆయనే తీసి అవతల పడేశాడు.

ఉప్పుడు బియ్యం తవుడు ఎక్కువ రోజులు ఆగుతుంది, ఎందుకంటే వడ్లు ఉడకబెట్టినప్పుడే ఆ ఎంజైము చచ్చిపోతుంది. నూనె తీసిన తవుడు కూడా ముక్కదు కానీ, నూనెతో పాటు ఒరైజనాల్ కూడా పోయి ఉంటుంది. పచ్చి తవుడు వాడితే వారానికి సరిపడా తెచ్చుకోవడమే దారి. వేరుశనగ చెక్క విషయంలో బూజు చూడాలి. బూజులోంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీసి, మనం ఆర్పాలనుకునే రవ్వల్నే పెంచుతుంది.

మిగతావి క్లుప్తంగా చెప్తాను. మునగాకు నాకు అన్నిటికంటే ఇష్టం. ఎండబెట్టిన ఆకులో నాలుగో వంతు ప్రొటీన్, దానితో పాటు కెరోటిన్, విటమిన్ ఇ ఉంటాయి. యాంటీఆక్సిడెంట్‌గా పనిచేసినా చేయకపోయినా మేతగా డబ్బులు దండగ కావు. నీడలో ఆరబెట్టాలి, ఎండలో వేస్తే కెరోటిన్ పోతుంది. ఒంగోలు చుట్టుపక్కల కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ ఆకులో కూడా కెరోటిన్ బాగా ఉంటుంది కానీ, మైమోసిన్ అనే విషం ఉంది. ఎక్కువ తింటే వెంట్రుకలు రాలిపోతాయి, థైరాయిడ్ గ్రంథి ఉబ్బుతుంది. పెద్ద జీవాలకి మేతలో మూడో వంతు దాటకూడదు, పాలు తాగే పిల్లలకి వద్దు.

నిమ్మ గురించి అడిగినవాళ్ళున్నారు. పొదలకూరు, గూడూరు మార్కెట్లలో ధర పడిపోతే కాయ పారబోసిన రోజులు మనం చూశాం. బ్రెజిల్‌లో నారింజ రసం తీశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి గుళికలుగా చేసి పశువులకి మేపుతారు. అక్కడ నెలోర్ అని పిలిచే ఆవులు మన ఒంగోలు జాతివే. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు పడింది. మన పశువు అక్కడికి వెళ్ళి నారింజ తొక్క తింటుంటే, ఇక్కడ నిమ్మతొక్క కుళ్ళిపోతోంది. అయితే పచ్చి తొక్క రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. బాగా ఎండబెట్టి, మేత బాగా తినే వయసు వచ్చాక, కొద్దికొద్దిగా మాత్రమే పెట్టాలి.

పరిశోధనల్లో తేలినవి

యూరప్‌లో ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం 2006 జనవరి 1 నుంచి పూర్తిగా నిషేధించారు. మన దేశం కూడా 2019లో పశువులకి, కోళ్ళకి కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. ఖాళీ అయిన ఆ చోటులోకే ఈ మూలికల ఉత్పత్తులు ఇంత జోరుగా వచ్చాయి. నాకు దాని మీద అభ్యంతరం లేదు. యాంటీబయాటిక్ మానేయడానికి ఇవి సాయపడితే మంచిదే.

పరిశోధన పత్రాల్లో సాధారణంగా కొలిచేది రక్తం. కొవ్వు చెడినందుకు గుర్తుగా మిగిలే మాలన్‌డయాల్డిహైడ్ తగ్గిందా, ఎంజైములు పెరిగాయా అని చూస్తారు. చాలా ప్రయోగాల్లో ఇవి మెరుగవుతాయి. కానీ ఒక్కో గుంపులో పది లోపు జంతువులు, కొద్ది వారాల ప్రయోగం అయితే, రక్తంలో మెరుగు కనిపించినంత మాత్రాన పిల్ల బరువు పెరిగిందనో, బతికిందనో అనుకోలేం. మేలు స్పష్టంగా కనిపించేది కష్టకాలంలోనే. పాలు మాన్పించినప్పుడు, తీవ్రమైన ఎండలో, విరేచనాలప్పుడు. అన్నీ సక్రమంగా ఉన్న పిల్లకి పెద్దగా తేడా ఉండదు.

మనుషుల్లో జరిగిన ఒక ప్రయోగాన్ని కూడా మర్చిపోకూడదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. బీటాకెరోటిన్ బిళ్ళలు తీసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్‌లో ఉన్నప్పుడు మేలు చేసే పదార్థం, విడిగా తీసి పెద్ద మోతాదులో ఇస్తే కీడు చేసింది. ఆకుకీ, ఆకులోంచి తీసిన సారానికీ తేడా ఉందని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

మరి ప్యాకెట్ సంగతి? అందులో అసలు పదార్థం ఎంత శాతమో, కిలో బరువుకి ఎంత పెట్టాలో, ఏ వయసుకో, ఎప్పుడు తయారైందో రాసుంటే ఆలోచించవచ్చు. బొమ్మలు మాత్రమే ఉంటే వద్దు. ఖర్చు కూడా పూర్తిగా లెక్కేయాలి. పిల్లకి రోజుకి 5 గ్రాములు అంటే చిన్నగా అనిపిస్తుంది. 60 రోజులకి 300 గ్రాములు, ఇరవై పిల్లలకి 6 కిలోలు. ఆ డబ్బుతో నట్టల మందు, పందిరి మీదకి తాటాకు వస్తాయా అని చూసుకోవాలి. నెత్తురు పీల్చే నట్ట ఒక్కోటి రోజుకి 0.05 మిల్లీలీటర్ల రక్తం తాగుతుంది. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు. అంత రక్తం పోతున్న పిల్లని పసుపు కాపాడలేదు. 43 డిగ్రీల ఎండలో నీడ లేని పిల్లని తులసి కాపాడలేదు.

ఖనిజ లవణాలు కలిపేటప్పుడు ఒక జాగ్రత్త. ఆవులకి, బర్రెలకి అమ్మే మిశ్రమం గొర్రెలకి పెట్టకూడదు. గొర్రె కాలేయం రాగిని సరిగా బయటకి పంపలేదు, పేరుకుపోయి ఒకరోజు ఒక్కసారిగా చంపేస్తుంది. గొర్రెలకని వేరుగా రాసున్నదే కావాలని అడగండి, అనుమానముంటే పశువుల డాక్టర్‌కి చూపించండి.

అప్పటికే ఒక ప్యాకెట్ కొనేశాడు కాబట్టి, మామకి ఒక పద్ధతి చెప్పాను. ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని రెండు గుంపులు చేసి, మెడకి వేరు వేరు రంగు దారాలు కట్టి, ఒక గుంపుకే ఆ పొడి పెట్టమన్నాను. పాలు, తవుడు, నట్టల మందు అన్నీ రెంటికీ సమానం. వారానికోసారి కాటాకి వేలాడదీసి తూచి, నోట్‌బుక్‌లో రాయాలి. ఎర్రదారం గుంపు, పచ్చదారం గుంపు అని మా అత్త పేర్లు పెట్టింది, తూకాలు రాసేది ఆమే.

ఈలోగా బర్రె ఈనింది. పొద్దుపోయాక మామ ఫోన్ చేశాడు. మాయ ఇంకా పడలేదని, అయినా దూడని పొదుగుకి వదిలానని, అప్పుడే కడుపునిండా తాగి గడ్డి మీద పడుకుందని చెప్పాడు. దున్న దూడంట. పక్కింటివాళ్ళు జున్నుపాలకి గిన్నె పట్టుకొచ్చారంట. రేపు సాయంత్రం రమ్మని పంపించాడు.